కుడి ప్యాడ్ మీద నల్ల మచ్చలు

ఆట అయిపోయాక రెండు జట్లూ వరుస కట్టి చేతులు కలుపుకుంటుంటే నెస్టర్ డట్కెవిచ్ అటు చూడలేదు. హాల్వర్ బ్యాజర్స్ ప్లేఆఫ్స్ నుంచి వెళ్ళిపోయారు. అదీ సొంత ఐస్ హాకీ రింకులో, ఊరంతా చూస్తుండగా, నాలుగు గోల్స్‌కి ఒక గోల్ కొట్టి. జనం కోట్ల గుండీలు పెట్టుకుంటూ, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, పార్కింగు వైపు నడుస్తున్నారు. నెస్టర్ మాత్రం డ్రెస్సింగ్ రూమ్‌లో, గోలు కాపలా కాసే గోలీ గార్త్ విప్పి పడేసిన కాలి ప్యాడ్ల ముందు గొంతుక్కూర్చుని వాటినే చూస్తున్నాడు.

ఆడే బిళ్ళ, పక్, గట్టి రబ్బరుతో చేసింది. బలంగా తగిలిన చోటల్లా తెల్ల ప్యాడ్ మీద నల్ల మచ్చ వేసి పోతుంది. ప్రతి ఆటకూ ముందు నెస్టర్ ఆ మచ్చలన్నీ తుడిచి పెడతాడు కాబట్టి, ఇప్పుడున్నవన్నీ ఈ రోజువే. ఎడమ ప్యాడ్ ఉతికి ఆరేసిన గుడ్డలా ఉంది. కుడి ప్యాడ్ మాత్రం మోకాలి దగ్గర్నుంచి కిందికి, బొగ్గు చేతులతో ఎవరో తడిమినట్టుంది.

"వాళ్ళకి తెలుసు," అన్నాడు నెస్టర్.

గార్త్ బెంచీ మీద వెనక్కి వాలి, కుడి మోకాలి మీద ఐసు సంచీ పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "ఏం తెలుసు బాబాయ్?"

"నీ మోకాలి సంగతి. లేకపోతే అన్నీ అటే ఎందుకు కొడతారు?"

"వాళ్ళలో కుడిచేతి వాటం వాళ్ళు ఎక్కువేమో."

"ఎవరో చెప్పారు."

"చెప్పారో చెప్పలేదో, నేను ఆపలేకపోయాను. నన్ను స్నానానికి పోనీ."

కోచ్ రస్ తువాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు. హైస్కూల్లో లెక్కలు చెబుతాడు, ఓడినప్పుడు షవర్ కింద నిలబడి ఏడుస్తాడు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ అనరు. "నెస్టర్, ఓడిపోయాం. అంతే. ఇంటికెళ్ళి పడుకో," అన్నాడు.

నెస్టర్ ప్యాడ్ తుడవలేదు. అలాగే సంచీలో పెట్టి, సంచీ రింకు వెనక తన సామాను గదిలో పెట్టి, గదికి రెండు తాళాలూ వేసి వెళ్ళాడు.

గదికి రెండు తాళాలేమిటని హాల్వర్‌లో కొత్తవాళ్ళు అడుగుతారు. పాతవాళ్ళు అడగరు. నెస్టర్ పగలంతా మున్సిపాలిటీ వాళ్ళ మంచు తోసే బండి నడుపుతాడు. చలికాలపు సాయంత్రాలు బ్యాజర్స్ సామాను చూసుకుంటాడు. స్కేట్లు పదును పెట్టడం, దెబ్బలకు కట్లు కట్టడం, బట్టలు ఉతకడం, ఎవరికి ఎక్కడ నొప్పో గుర్తుపెట్టుకోవడం. ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నాడు. జీతం లేదు. కుర్రాళ్ళకి అతనంటే భయం లేదు గానీ, అతను లేకుండా సంచీలు విప్పడానికి కూడా చెయ్యి రాదు.

అతని అనుమానాలకు అంతూ పొంతూ ఉండదు. వేరే ఊరు ఆడటానికి వెళితే తాగే నీళ్ళు హాల్వర్ నుంచే డబ్బాల్లో పట్టుకెళతాడు. స్కేట్ల సంచీ మీద కూర్చుని భోంచేస్తాడు. అవతలి జట్టు ఇచ్చిన గదిలో ముందు హీటరు మీద చెయ్యి పెట్టి చూస్తాడు. ఎందుకంటే హాల్వర్‌కి వచ్చే జట్లకు ఇచ్చే గదిలో హీటరు పెంచి, కిటికీకి మేకులు కొట్టి, వాళ్ళని ఆటకు ముందే ఉడకబెట్టేది అతనే. తను చేసే పని ఎదుటివాడూ చేస్తాడనే నమ్మకం ఒక్కటే అతనికి లోకం మీద ఉన్న నమ్మకం.

దెబ్బల విషయంలో మరీను. ప్లేఆఫ్స్‌లో ఆటగాడికి ఎక్కడ తగిలిందో బయటపెడితే, అవతలివాళ్ళు సరిగ్గా అక్కడే కొడతారు. అందుకని ఏ జట్టూ నిజం చెప్పదు. మిగతావాళ్ళు నోరు మూసుకుంటారు. నెస్టర్ అలా కాదు, అడిగినవాడికల్లా ఓపిగ్గా అబద్ధం చెబుతాడు. రేడియోవాడు అడిగినా, చర్చి మెట్ల మీద ఫాదర్ అడిగినా ఒకటే వరస.

నిజం చెప్పేది ఒక్క మనిషికి. ఆవిడ పేరు సిగ్నే హౌగెన్. మెయిన్ స్ట్రీట్‌లో చెప్పులు, జీనులు బాగుచేసే కొట్టు ఆమెది. భర్త పోయాక అతని సూదులూ, అతని కుట్టుమిషనూ, అతనికి రాని ఓర్పూ పెట్టుకుని నడుపుతోంది. గోలీ ప్యాడ్లు చిరిగితే ఆమే కుడుతుంది. మధ్యాహ్నం మూడింటికి బండి ఆపి నెస్టర్ ఆ కొట్లోకి వెళతాడు. ఆమె కాఫీ పోస్తుంది. అతను ఎవరి చీలమండ వాచిందో, ఎవరి వేలు విరిగిందో చెబుతాడు. ఆమె దారానికి మైనం రాసుకుంటూ వింటుంది. ఇద్దరికీ అరవై దాటాయి. ఇదంతా పెళ్ళికే అని ఊరు ఏళ్ళ కిందటే తేల్చేసింది. నెస్టర్ కూడా తేల్చుకున్నాడు. ఈ ఏడు సీజన్ అవగానే అడగాలని, తన ఇంట్లో పై గది గోడలకు రంగు కూడా వేశాడు. అడిగేలోపు ఈ మచ్చలు వచ్చి పడ్డాయి.

ఆ రాత్రంతా లెక్క వేశాడు. గార్త్ మోకాలు మెలితిరిగింది ప్రాక్టీసులో, చివర్లో, మిగతావాళ్ళు వెళ్ళిపోయాక. చూసింది తనూ, రస్సూ. గార్త్ తన కాలు తనే అమ్ముకోడు. రస్‌కి ఏడుపు వచ్చు గానీ ద్రోహం రాదు. తను ఎవరికీ చెప్పలేదు, ఒక్కరికి తప్ప. మోకాలి దగ్గర లోపల మందంగా ఉన్ని ఫెల్టు గుడ్డ వేసి కుట్టమని కుడి ప్యాడ్ తనే పట్టుకెళ్ళి ఆమె చేతిలో పెట్టాడు.

సిగ్నేకి ఒక అక్క ఉంది. బోర్గిల్డ్. ఉండేది క్రోవెల్‌లో. బ్యాజర్స్‌ని ఓడించింది ఆ క్రోవెల్ జట్టే. సిగ్నే ప్రతి ఆదివారం అక్కింటికి భోజనానికి వెళుతుంది. ఆ అక్క మొగుడి మేనల్లుడు క్రోవెల్ జట్టులో ఆడతాడు. భోజనానికి అతనూ అక్కడికే వస్తాడు.

ఇవన్నీ నెస్టర్‌కి ముందు నుంచీ తెలుసు. తెలిసి కూడా ఇన్నాళ్ళూ వాటిని ఒకచోట పెట్టి చూడలేదు. పెట్టి చూశాక నిద్ర పట్టలేదు.

శనివారం మూడింటికి కొట్టుకి వెళ్ళాడు. వెళ్ళేముందు బండిలో కూర్చుని ఏం చెప్పాలో రెండుసార్లు పైకి అనుకున్నాడు.

"చచ్చిన మొహం వేసుకుని వచ్చావ్," అంది సిగ్నే. "కూర్చో. ఓడినవాళ్ళకి చక్కెర ఎక్కువ వేస్తాను."

"నాకు వద్దు."

"ఎప్పుడూ రెండు చెంచాలు వేసుకునే మనిషివి."

"ఇవాళ వద్దు." కప్పు తీసుకున్నాడు. ఆమె చేతుల్ని చూశాడు. గుర్రపు కళ్ళెం ఒకటి కుడుతోంది, సూది ఎప్పటిలాగే పోతోంది, వస్తోంది. "గార్త్ మోకాలి మీదే కొట్టారు. అన్నీ."

"చూశాను. పాపం, చివరికి లేవలేకపోయాడు."

"వాళ్ళకి ఎలా తెలిసిందంటావ్?"

"చూసి ఉంటారు. కుంటుతున్నవాణ్ణి గుడ్డివాడైనా పసిగడతాడు."

"కుంటలేదు. నేను కట్టు కట్టాక కుంటలేదు."

సిగ్నే సూది ఆపింది. కళ్ళజోడు పైనుంచి అతన్ని చూసింది. "ఏమిటి అడుగుతున్నావు నువ్వు?"

"ఏం లేదు. ఊరికే." నెస్టర్ కాఫీ ఊదుకున్నాడు. ఇక ఉచ్చు వేశాడు. "అదొక్కటే కాదు. కెల్విన్‌కి పక్కటెముకలు చిట్లాయి. ఆట రెండో పీరియడ్‌లో. వాడు ఎవరికీ చెప్పుకోలేదు. నాకూ వాడికీ తప్ప తెలీదు. నువ్వు ఎక్కడా అనకు."

"నేనెక్కడ అంటాను?"

"ఊరికే చెబుతున్నా."

కెల్విన్ బ్యాజర్స్ కెప్టెన్. అతని పక్కటెముకలు ఉక్కు కడ్డీల్లా ఉన్నాయి. నెస్టర్ ఉచ్చు ఎంత సులువైనదంటే, ఆ ప్రాంతంలో హాకీ తెలిసిన ఎవరికైనా అర్థమవుతుంది. సీనియర్ లీగులో ఒక పద్ధతి ఉంది. గెలిచిన జట్టు రాష్ట్ర పోటీలకు వెళ్ళేముందు, తను ఓడించిన జట్ల నుంచి మంచి ఆటగాళ్ళని ఎరువు తెచ్చుకోవచ్చు. నిన్నటి దాకా కర్రలతో కొట్టుకున్నవాళ్ళు ఇవాళ వాళ్ళ చొక్కా తొడుక్కుని ఆడతారు. హాల్వర్ నుంచి క్రోవెల్ వాళ్ళు తీసుకుంటే కెల్విన్‌నే తీసుకోవాలి, అందులో చిన్నపిల్లలకి కూడా సందేహం లేదు. కానీ పక్కటెముకలు చిట్లినవాణ్ణి ఎవరూ తీసుకోరు. రేపు ఆదివారం. సిగ్నే అక్కింటికి వెళుతుంది. ఆ తర్వాత క్రోవెల్ వాళ్ళు కెల్విన్ కోసం రాకపోతే, నోరు జారింది ఎవరో తేలిపోతుంది.

కప్పు ఖాళీ చేసి లేచాడు. గుమ్మం దగ్గర సిగ్నే వెనక నుంచి పిలిచింది.

"వాడికి ఊపిరి పీల్చుకుంటే నొప్పిగా ఉందా?"

"ఎవడికి?"

"కెల్విన్‌కి."

"ఆఁ. బాగా," అన్నాడు నెస్టర్.

ఆదివారం మంచు కరిగి రోడ్ల పక్క గుంటలన్నీ నీళ్ళు నిండాయి. నెస్టర్ పనేమీ లేకుండానే తన సొంత బండి తీసుకుని క్రోవెల్ రోడ్డు మలుపు దాకా వెళ్ళి వచ్చాడు. సిగ్నే పాత నీలం కారు వెళ్ళడం చూశాడు, తిరిగి రావడం చూశాడు. వచ్చేటప్పుడు ఆమె చెయ్యి ఊపింది. అతనూ ఊపాడు. ఇంత మామూలుగా చెయ్యి ఊపిందంటే ఏదో ఉందనుకున్నాడు. ఊపకపోయి ఉంటే కూడా అదే అనుకునేవాడు.

సోమవారం క్రోవెల్ నుంచి ఫోను రాలేదు. రస్ ఇంటికి నెస్టర్ రెండుసార్లు ఫోన్ చేశాడు.

"రాలేదంటే రాలేదు. నీకు కెల్విన్ మీద ఇంత ప్రేమ ఎప్పట్నుంచి?" అన్నాడు రస్.

ఆ రోజు మూడింటికి కొట్టుకి వెళ్ళలేదు. బండి మెయిన్ స్ట్రీట్ మీదుగా పోనిచ్చాడు గానీ ఆపలేదు. అద్దంలోంచి సిగ్నే కనబడింది. వంగి ఏదో కుడుతోంది, తల ఎత్తలేదు. ఇంటికి వెళ్ళి పై గది తలుపు వేసేశాడు. రంగు వాసన వస్తోందని తనకి తనే చెప్పుకున్నాడు.

మంగళవారం మధ్యాహ్నం రింకు వెనక తలుపు దగ్గర ఒక ట్రక్కు ఆగింది. దిగినవాడు ఎమిల్ బూటాన్. క్రోవెల్ జట్టుకి నెస్టర్ లాంటివాడు. అక్కడి స్కేట్లు, అక్కడి కట్లు, అక్కడి హీటరు అతనివి. పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ ఏదో నములుతూ ఉంటాడు. ఇద్దరూ ముప్ఫై ఏళ్ళుగా ఒకరి మీద ఒకరు ఫిర్యాదులు రాసుకుంటున్నారు. ఒకరి తల్లి పోతే ఇంకొకరు శవపేటిక మోశారు.

"ఏరా నెస్టర్, చెయ్యి కలపకుండా పారిపోయావేం మొన్న?" అన్నాడు ఎమిల్.

"పనుంది. ఎందుకొచ్చావ్?"

"కెల్విన్ సంచీ కోసం. మీ కోచ్‌తో పొద్దున మావాళ్ళు మాట్లాడారు. గురువారం మాతో ప్రాక్టీసుకి వస్తున్నాడు."

నెస్టర్ చేతిలో స్కేటు ఉంది. దాన్ని పదునురాయి పక్కన మెల్లగా పెట్టాడు.

"కెల్వినే కావాలన్నారా?"

"మరి నిన్ను తీసుకుంటామా?"

"వాడి ఒంట్లో ఎలా ఉందో కనుక్కున్నారా?"

"ఎలా ఉంటుంది, దున్నపోతులా ఉంటాడు. ఏం, ఏమైనా అయ్యిందా?" ఎమిల్ నమలడం ఆపి అతని మొహంలోకి చూశాడు.

"ఏం కాలేదు."

"ఏం కాలేదంటున్నావా." ఎమిల్ మొహం వాడిపోయింది. "నువ్వు ఏం కాలేదంటే నాకు భయం. ఆ ఏడు మీ డెన్నిస్‌కి ఏం కాలేదన్నావు. వాడి దవడ రెండు ముక్కలై ఉంది."

"ఈసారి నిజంగానే ఏం కాలేదు."

"ఒట్టు?"

"ఒట్టు," అన్నాడు నెస్టర్. ఆ మాట తన నోటి నుంచి రావడం అతనికే కొత్తగా అనిపించింది. వచ్చే జవాబు ఏమిటో అప్పటికే లోపల ఎక్కడో తెలుస్తోంది, అయినా అడిగాడు. "ఎమిల్, ఒకటి అడుగుతా. గార్త్ మోకాలి సంగతి మీకు ఎవరు చెప్పారు?"

ఎమిల్ ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి బెంచీ మీద కూలబడ్డాడు.

"ఎవరు చెప్పారా? నువ్వే చెప్పావు కదరా."

"నేనా?"

"రేడియోలో. ఆటకి ముందు. గార్త్ ప్రాక్టీసుకి ఎందుకు రాలేదు అని వాడు అడిగితే, ఎడమ భుజం కాస్త పట్టేసింది, అన్నావు. మా కోచ్ నన్ను అడిగాడు, ఏమంటావ్ ఎమిల్ అని. నెస్టర్ ఎడమ అన్నాడంటే కుడి, పైన అన్నాడంటే కింద అన్నాను. కుడివైపు, కింద కొట్టండి అన్నాను. ముప్ఫై ఏళ్ళ నుంచి చూస్తున్నా నిన్ను. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నిజం చెప్పి ఉంటే నా లెక్క తప్పేది. నీకు ఆ అలవాటు లేదు." కళ్ళు తుడుచుకున్నాడు. "ఏమీ చెప్పకుండా ఊరుకున్నా మాకు తెలిసేది కాదు."

మచ్చల ప్యాడ్ ఉన్న సంచీ గోడకి ఆనించి ఉంది. దాన్ని చూడకుండా ఉండటానికి, నెస్టర్ వెళ్ళి కెల్విన్ సంచీ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

అప్పుడే కెల్విన్ వచ్చాడు. తను పనిచేసే టైర్ల షాపు నుంచి నేరుగా, మసి చేతులతో. చంకలో కాగితంలో చుట్టిన మూట ఒకటి ఉంది.

"బాబాయ్, ఇదేమిటో చెప్పు," అని మూట విప్పాడు. లోపల చొక్కా కింద తొడుక్కునే చేతుల్లేని కోటులాంటిది. మెత్తటి తోలు, లోపల రెండు వరసల ఫెల్టు, పక్కల బిగించుకోవడానికి తాళ్ళు. కుట్టు ఎవరిదో చెప్పక్కర్లేదు. "నిన్న సాయంత్రం సిగ్నే పిన్ని షాపుకొచ్చి ఇచ్చింది. మెల్లగా, ఎవరూ వినకుండా, పక్కటెముకలు జాగ్రత్త, ఇది తొడుక్కుంటే దెబ్బ లోపలికి దిగదు, నేనెవరికీ చెప్పను నువ్వూ చెప్పకు అంది. నా ఎముకలకేమయింది పిన్నీ అన్నాను."

"ఏమంది?"

"ఎవరు చెప్పారు నీకు అని అడిగితే నీ పేరు చెప్పింది. నీకు బాగానే ఉందా, నిజంగా, అని రెండుసార్లు అడిగింది. కాసేపు అలాగే నిలబడింది. సరే ఉంచుకో, పనికొస్తుంది అని వెళ్ళిపోయింది." కెల్విన్ ఇద్దరి మొహాలూ చూశాడు. "ఏంటి, నేనేమైనా తప్పు మాట్లాడానా?"

ఎమిల్ ఆ కోటు చేతిలోకి తీసుకుని తిరగేసి చూశాడు. "ఇది ఒక్కరోజు పని కాదు. ఆవిడ రాత్రి నిద్రపోయినట్టు లేదు," అన్నాడు. ఇక నవ్వలేదు. సంచీ భుజాన వేసుకుని, వెళుతూ వెళుతూ నెస్టర్ భుజం తట్టాడు. "నేను నవ్వానని పట్టించుకోకు. మొన్న నువ్వు వేడినీళ్ళు ఆపేశావు మా గదిలో. దానికి చెల్లు."

మూడు ఎప్పుడో దాటింది. నెస్టర్ కొట్టుకి నడిచే వెళ్ళాడు. తలుపు తెరిస్తే గంట మోగింది. సిగ్నే లోపలి గదిలోంచి వచ్చి, అతన్ని చూసి, గల్లా వెనక నిలబడింది.

"ఏం కావాలండీ?" అంది.

ఇన్నేళ్ళలో ఆమె అతన్ని అలా అడగలేదు. చెప్పులు తెచ్చినవాళ్ళని అడిగే మాట అది.

"సిగ్నే, నేనొక మాట చెప్పాలి."

"చెప్పండి. కొట్టు మూసే వేళయింది."

"గార్త్ సంగతి బయటపెట్టింది నేనే. రేడియోలో ఎడమ భుజం అన్నాను. ఎమిల్ దాన్ని తిరగేసుకున్నాడు. ఇప్పుడే చెప్పి వెళ్ళాడు."

"అయితే నాకెందుకు చెబుతున్నారు?"

"నువ్వు చెప్పావనుకున్నాను."

"తెలుసు. శనివారమే అనిపించింది. మళ్ళీ, ఛీ, ఈ మనిషి అలా అనుకోడులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కెల్విన్ మొహం చూశాక సర్దిచెప్పుకోవడానికి ఏం మిగల్లేదు." గల్లా మీది తోలు ముక్కలు ఒకచోటికి తోసింది. "ఒక్కటి చెప్పండి. ఎమిల్ రాకపోయి ఉంటే ఇప్పుడు మీరు ఇక్కడికి వచ్చేవారా?"

నెస్టర్‌కి జవాబులు చాలా వచ్చు. ఒకటి అప్పుడే నాలుక మీదికి వచ్చింది, మంచిదే, నమ్మేలాగే ఉంది. దాన్ని మింగేశాడు.

"వచ్చేవాణ్ణి కాదు," అన్నాడు. "ఇంకో ఉచ్చు వేసేవాణ్ణి."

సిగ్నే తల ఊపింది. కోపం తగ్గినట్టేమీ లేదు. తను అనుకున్న కొలతే వచ్చినప్పుడు కొలబద్ద పక్కన పెట్టినట్టు ఊపింది.

"అక్కడ నేనేం మాట్లాడతానో తెలుసుకోవాలని ఉంది కదా మీకు. ఆదివారం రండి. మా అక్కింటికి. కూర్చుని చెవులారా వినండి. నా కారు క్లచ్ పోయింది, మీ బండిలోనే పోదాం."

"క్రోవెల్‌కా?"

"క్రోవెల్‌కే. తాగడానికి నీళ్ళు కూడా అక్కడివే."

ఆదివారం బోర్గిల్డ్ వంటింట్లో బల్ల చుట్టూ నలుగురు కూర్చున్నారు. బోర్గిల్డ్ చెల్లెలికంటే పొడుగు, చెల్లెలికంటే గట్టిగొంతు. మొగుడు పోయినా అతని మేనల్లుణ్ణి వదలలేదు. ఆ కుర్రాడు, మొన్న గార్త్ కుడికాలి పక్కనుంచి రెండు గోల్స్ కొట్టినవాడు, బంగాళాదుంపలు వడ్డించుకుంటూ నెస్టర్‌కి గిన్నె అందించాడు. నెస్టర్ గిన్నె అందుకున్నాడు, గానీ కుర్రాడు ముందు తిన్నాకే తను తిన్నాడు. కిటికీ, వెనక తలుపు, ఫోను ఎక్కడున్నాయో చూసుకున్నాడు. పాత అలవాటు అంత తొందరగా పోదు.

మాటలన్నీ కోడి పెట్టల గురించీ, ఎవరింటి బేస్‌మెంట్‌లోకి నీళ్ళు వచ్చాయన్నదాని గురించీ సాగాయి. సిగ్నే అడిగినదానికి జవాబు చెబుతోంది. హాల్వర్ సంగతి ఒక్కటీ ఎత్తలేదు. నెస్టర్ చెవులు రిక్కించి విన్నాడు. వినడానికి ఏమీ లేదు.

"ఇంతకీ ఈయన ఎవరే?" అంది బోర్గిల్డ్, ఉన్నట్టుండి, గరిటెతో అతన్ని చూపించి.

"నువ్వు చెప్పలేదూ?" అన్నాడు నెస్టర్ సిగ్నే వైపు తిరిగి.

"ఎప్పుడు చెప్పిందీ?" బోర్గిల్డే అందుకుంది. "ఇన్నేళ్ళుగా ప్రతి ఆదివారం వస్తుంది. కొట్టెలా ఉందంటే బాగుంది అంటుంది. మధ్యాహ్నం పూట ఏం చేస్తావే ఒక్కదానివీ అంటే, కుట్టుకుంటాను అంటుంది. మా చెల్లెలికి ఊళ్ళో ఒక స్నేహితుడున్నాడని ఇవాళ మీ బండి వాకిట్లో ఆగితే తెలిసింది నాకు."

"ఎక్కడా అనకు అని మొదట్లోనే అన్నావు," అంది సిగ్నే, తన పళ్ళెంలోకి చూస్తూ. "ఏది అనకూడదో, ఏది అనొచ్చో విడదీసి చెప్పలేదు నువ్వు. నీ గురించి మొదలుపెడితే ఏది ఎక్కడ జారుతుందో అని మొత్తానికే ఎత్తలేదు."

కుర్రాడు తినడం ఆపి, తను ఆగిపోయానని తెలిసి మళ్ళీ మొదలుపెట్టాడు.

"అయితే మీరెవరు?" అని బోర్గిల్డ్ సూటిగా అతన్నే అడిగింది.

నెస్టర్ చెంచా కింద పెట్టాడు. ఎదురుగా క్రోవెల్ జట్టువాడు కూర్చుని ఉన్నాడు. రేపటికి ఈ మాట వాళ్ళ డ్రెస్సింగ్ రూమ్‌లో ఉంటుంది, ఎమిల్ పొట్ట పట్టుకుని నవ్వుతాడు, వచ్చే సీజన్ అంతా నవ్వుతాడు.

"మీ చెల్లెలు మా గోలీ దెబ్బ సంగతి మీవాళ్ళకి చేరవేసిందని అనుమానపడ్డవాణ్ణి," అన్నాడు. "తనకి అబద్ధం చెప్పి పరీక్ష కూడా పెట్టాను. ఆమె తప్పేం లేదు. ఆ అనుమానానికి ముందు తనని పెళ్ళికి అడుగుదామనుకున్నాను. ఇప్పుడు అడిగే మొహం లేదు."

బోర్గిల్డ్ గరిటె గిన్నెలో పెట్టింది. చెల్లెలి వైపు తిరిగింది. "ఇలాంటివాణ్ణి నా ఇంటికి ఎందుకు తీసుకొచ్చావే?"

"బండి ఆయనది," అంది సిగ్నే.

తిరుగు ప్రయాణంలో రోడ్డంతా బురద. సిగ్నే ఒళ్ళో బోర్గిల్డ్ ఇచ్చిన పచ్చడి సీసాలు పెట్టుకుని, అవి గలగలమనకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. హాల్వర్ ధాన్యపు గోదాము దూరంగా కనిపించే చోట నెస్టర్ గొంతు సవరించుకున్నాడు.

"వచ్చే ఆదివారం నీ కారు బాగవుతుందా?"

"ఏమో."

"అవకపోతే నేను వస్తాను. బాగయినా వస్తాను. నువ్వు సరేనంటే."

అతను ఆమె వైపు తిరిగి మొహం చూడబోయాడు. బండి ఒక చక్రం గుంటలో పడి లేచింది, సీసాలు మోగాయి.

"రోడ్డు చూసి నడుపు," అంది సిగ్నే.

వద్దనలేదు. సరే అని కూడా అనలేదు. ఆ మాట వెనక ఏముందో విప్పి చూడాలని అతని బుర్ర అప్పుడే పని మొదలుపెట్టింది. దాన్ని బలవంతాన ఆపి, నెస్టర్ రోడ్డు వైపు చూశాడు.